విప్పి చూడని తుపాకీ

గిరిజాకుమారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. స్లైగోలో ఆమె మత్తు డాక్టరుగా పనిచేసే పెద్దాసుపత్రిలో ఈ సంగతి సర్జన్ల దగ్గర్నుంచి స్ట్రెచర్లు తోసేవాళ్ల దాకా అందరికీ తెలుసు. తుపాకుల కొట్టు మాలకీకి మాత్రం పాపం తెలియదు. అందుకే ఆ రోజు ఆమె చాలా నెమ్మదిగా, "తుపాకీ కొనేది నేను. ఆయన నన్ను కారులో దింపడానికి వచ్చారు," అన్నప్పుడు మర్యాదగా మాట్లాడుతోందనుకుని చిరునవ్వు నవ్వాడు.

అప్పటికి ఇరవై నిమిషాలుగా అతను సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల గురించి చెబుతున్నాడు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక గుండు, తరువాతి గుండు దానంతటదే ఎక్కుతుంది, ఏ కంపెనీది ఎంత గురి, ఏ కంపెనీది ఎంత నమ్మకం. అన్నీ దేవదాసు మొహం చూసి చెబుతున్నాడు. దేవదాసు గిరిజ భర్త. డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి రెండు రోజులు డబ్లిన్ రైలెక్కుతాడు, మిగతా రోజులు వంటింటి బల్లే ఆఫీసు. బుద్ధెరిగాక దోమల బ్యాటు తప్ప మరో ఆయుధం పట్టిన మనిషి కాదు. "మేడమ్‌కి కాస్త తేలికైనది చూద్దామా?" అని మాలకీ ఆయన్నే అడిగాడు. మేడమ్ పక్కనే నిలబడి ఉంది. మేడమ్ ఏడాదిన్నరగా ఊరి బయట క్లబ్బులో ప్రతి ఆదివారం అరువు తుపాకీతో కాలుస్తూ, సగం మంది మగవాళ్లకంటే మంచి స్కోర్లు తెస్తోంది. ఎవరడిగారు ఆ సంగతి?

నిజం చెప్పాలంటే ఆ కోపం మాలకీ ఒక్కడి మీదది కాదు. దాని వయసు ఇరవై ఎనిమిదేళ్లు.

కర్నూలులో చదువుకునే రోజుల్లో గిరిజ కాలేజీ క్యాడెట్. నేల మీద బోర్లా పడుకుని పాయింట్ టూటూ రైఫిల్ పేలిస్తే అయిదు గుళ్లూ అరచేతిలో పట్టేంత చోటులో పడేవి. ఢిల్లీ పోటీలకు మనుషుల్ని ఎంపిక చేసే క్యాంపులో మాత్రం మంచి తుపాకులు ముందు అబ్బాయిలకు పంచారు. మిగిలినవి అమ్మాయిలకు. ఆమె చేతికొచ్చినది ఒక గుండు ఎడమకు, ఒకటి కిందికి, ఇంకొకటి ఎక్కడికో కొట్టింది. "సార్, దీని బోల్టు కదులుతోంది. ఒక్కసారి విప్పి చూడండి సార్," అని బతిమాలింది. క్యాంపు నడిపే హవల్దారు తుపాకీ వైపు చూడనైనా చూడకుండా, "ఆడలేక మద్దెల ఓడు అందంట ఒకామె!" అని గట్టిగా అన్నాడు. వరసంతా గొల్లుమంది. ఆమె పేరెదురుగా రిజిస్టరులో "చెయ్యి వణుకు" అని రాశారు. ఢిల్లీకి ఇంకొకరు వెళ్లారు.

చెయ్యి వణుకట! ఆ చేతులే తరువాత ఎన్ని వేల వెన్నెముకల్లో వెంట్రుకలాంటి సూదులు దించాయో లెక్కలేదు. ఒక్కటంటే ఒక్కటి పక్కకు పోలేదు. అయినా ఆ రెండు మాటలు ఆమెలో ముల్లులా ఉండిపోయాయి. నలభై ఏడేళ్ల వయసులో, వానా గాలీ తప్ప మరేమీ లేని ఈ ఊళ్లో మళ్లీ రైఫిల్ పట్టింది అందుకే. తనకంటూ ఒక తుపాకీ కొంటే, ఎవరూ వంక పెట్టలేనిదే కొనాలి. అప్పుడు తగిలినా తనదే, తప్పినా తనదే. ఎవరి సామెతలూ వినక్కర్లేదు.

చివరకు పోటీ రెండు కంపెనీల మధ్య నిలిచింది. ఒకటి జర్మనీది, ఒకటి అమెరికాది. దేవదాసు అలవాటు కొద్దీ ఇంటర్నెట్టంతా గాలించి, నలభై గళ్ల ఎక్సెల్ పట్టీ తయారు చేశాడు. గిరిజ దాన్ని చూసి పక్కన పెట్టేసింది. ఆసుపత్రిలో ఆమె రోజూ పొద్దున మొదటి పేషెంటు రాకముందే మత్తు మిషను గొట్టాలు, గ్యాసు, అలారం అన్నీ తన చేత్తో పరీక్షిస్తుంది. నిన్న బాగా పనిచేసిందని ఇవాళ నమ్మదు. పెద్ద కంపెనీది కదా అని అసలే నమ్మదు. క్లబ్బులో ఇద్దరి దగ్గర ఆ రెండు రకాలూ ఉన్నాయి. వాళ్లనే పక్కన నిలబెట్టుకుని, నాలుగు ఆదివారాలు ఒకే రకం గుళ్లతో ఒక్కో తుపాకీతో రెండు వందల సార్లు కాల్చి చూసింది.

అమెరికాది ఏ గుండు పెట్టినా మింగేసింది. నాలుగు వారాల్లో ఒక్కసారే తడబడింది. కానీ దాని గుళ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. జర్మనీది చవక గుళ్లు పెడితే రెండుసార్లు మొరాయించింది, మంచి గుళ్లు పెట్టాక యాభై మీటర్ల దూరంలో పది గుళ్లను ఒక యూరో బిళ్ల కింద దాచింది.

"ఇంకేం, అమెరికాది తీసుకో. ఆగిపోదు కదా," అన్నాడు దేవదాసు.

"ఆగిపోయే తుపాకీ ఎందుకాగిందో చెప్తుందండీ. తప్పు చోట కొట్టేది ఏమీ చెప్పదు. నా చెయ్యి మీదికే తోస్తుంది."

దేవదాసు ఒక్క నిమిషం ఆమె మొహంలోకి చూశాడు. క్యాంపు కథ ఆయనకు తెలుసు. "అట్లయితే జర్మనీదే తీసుకోబ్బా. లేదంటే పదేండ్లు ఏడుస్తావు, ఆ ఏడుపు నేను వినాల," అన్నాడు.

లైసెన్సుకి ఇక్కడ గార్డ్స్ దగ్గరికి దరఖాస్తు పెట్టుకోవాలి. పోలీసుల్ని ఈ దేశంలో అలాగే పిలుస్తారు. క్లబ్బు సర్టిఫికెట్టు, ఇద్దరి సాక్ష్యం, ఇనుప సేఫు. అద్దె ఇంటి గోడకు సేఫు బిగించడానికి ఓనరు సంతకం. ఇంటికొచ్చిన గార్డు సేఫును రెండు చేతులా పట్టి ఊపి చూసి, "తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది డాక్టర్?" అని సూటిగా ఆమెనే అడిగాడు. ఈ మొత్తం భాగోతంలో మొగుడి మొహం చూడకుండా మాట్లాడినవాడు ఆ ఒక్కడే. గిరిజ సంతోషించి అతనికి రెండోసారి టీ పోసింది. డబ్లిన్ పక్కన క్లోనీలో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే అక్కడి కృష్ణమూర్తి అంకుల్, "డాక్టరమ్మా, ప్రాణం పోసే చేతికి తుపాకీ ఎందుకమ్మా?" అన్నాడు. ఆయన కొడుకు ఏటా జింకల వేటకు వెళ్తాడు. కాగితం మీద బొమ్మను కొట్టే గిరిజకి ఉపదేశం, ప్రాణమున్న జింకను కొట్టే కొడుక్కి ఫేస్‌బుక్కులో లైకులు. గిరిజ గొంతు తగ్గించి, "ప్రసాదం బాగుంది అంకుల్," అంది.

తుపాకీ సెప్టెంబరులో చేతికొచ్చింది. అక్టోబరు నాటికి పక్క కౌంటీ క్లబ్బుతో జరిగే పోటీకి నలుగురి జట్టులో నాలుగో పేరుగా గిరిజ పేరు బోర్డు మీదికెక్కింది. క్లబ్బు కెప్టెన్ డెక్లన్ సుద్దముక్కతో ఆ పేరు రాస్తుంటే, ఆమె వెనక నిలబడి ఒక్కో అక్షరాన్నీ చూసింది. ఢిల్లీ కాకపోతే ఏం, జట్టు జట్టే.

పోటీకి ముందు వారం దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు కర్నూలులో ఆమె నాన్న లూనాకీ, సుత్తికీ, ఆఖరికి మిక్సీకీ బొట్టు పెట్టేవాడు. ఇక్కడ ఇన్నేళ్లూ కారుకీ, స్టెతస్కోపుకీ, దేవదాసు ల్యాప్‌టాప్‌కీ పెట్టింది. ఈ ఏడు ఇంట్లో నిజమైన ఆయుధమే ఉంటే మానుతుందా? తలుపులు మూసి, సేఫు తెరిచి, తుపాకీని శుభ్రంగా తుడిచి, ఖాళీ అని చూపడానికి బోల్టు వెనక్కి లాగి ఉంచి, పీట మీద పడుకోబెట్టింది. గంధం, కుంకుమ, పువ్వులు. కూతురు వర్షిత సోఫాలోంచి చూసి, "మామ్, దిస్ ఈజ్ మెంటల్," అంది. పదహారేళ్ల పిల్లకు తెలుగు ప్రతి ముక్కా అర్థమవుతుంది, జవాబు మాత్రం స్లైగో ఇంగ్లీషులోనే.

"నోరు మూసుకుని దండం పెట్టు," అంది గిరిజ. దండం పెట్టి, తల్లీకూతుళ్లిద్దరూ అక్షింతలు చల్లారు.

ఆ వారమంతా ఆసుపత్రిలో వరస డ్యూటీలు. మళ్లీ తుపాకీ బయటికి తీసింది పోటీ రోజునే. వరసకు పదేసి గుళ్లు. మొదటి రెండు వరసల్లో ఆమె గుళ్లు నడిమధ్యన పడ్డాయి. డెక్లన్ దుర్భిణిలోంచి చూసి బొటనవేలు పైకెత్తాడు. మూడో వరసలో రెండో గుండు తరువాత టక్ అని ఆగింది. బోల్టు సగం దాకా వచ్చి నిలబడిపోయింది. లాగి వదిలింది, మళ్లీ ఆగింది. గడియారం ఆగలేదు. ఎనిమిది గుళ్లు కాల్చకుండానే మిగిలిపోయాయి. పోటీ నియమాల ప్రకారం అవన్నీ సున్నాలే. జట్టు ఓడింది.

ఆమె ఆ పాత సామెత కోసం ఎదురుచూసింది. రాలేదు. డెక్లన్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "తప్పు నీది కాదు గిరిజా. ఆ తుపాకీది. జర్మనీవి మరీ బిగువుగా చేస్తారు," అన్నాడు. ఇంకొకతను, "అంత పేరున్న కంపెనీ, సిగ్గుండాలి," అన్నాడు. అందరూ మద్దెలనే తిట్టారు. ఆడేదాన్ని ఒక్కరూ అనలేదు. బతుకులో మొదటిసారి! ఓడిపోయి కూడా ఆ పూట గిరిజకి లోపల్లోపల హాయిగా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాలిగా.

ఆ హాయిలోంచే కోపం పొంగింది. ఇంటికి రాగానే కంపెనీకి రెండు పేజీల ఉత్తరం కొట్టింది. గురి ఉంటే చాలా, నమ్మకం అక్కర్లేదా, ఆపరేషన్ మధ్యలో ఇలాంటి మిషను ఆగితే మనిషి చస్తాడు, మీ పేరును చూసి మోసపోయాను, అని కడిగి పారేసింది. దేవదాసు చదివి, "ఇది జదివితే ఆ కంపెనీ మూసేస్తారేమో," అన్నాడు. అయిదో రోజుకి జవాబు వచ్చింది. క్షమించమన్నారు, మాలకీ కొట్టులో ఇచ్చేస్తే కొత్తది పంపుతామన్నారు.

మాలకీ ఈసారి ఆమె మొహం చూసే మాట్లాడాడు. "పంపేముందు ఒకసారి విప్పి చూస్తాను, డాక్టర్. అయిదు నిమిషాలు," అన్నాడు.

రెండు పిన్నులు బయటికి నెట్టాడు. ట్రిగ్గరు పెట్టె కిందికి ఊడివచ్చింది. దాన్ని తెల్లగుడ్డ మీద తట్టాడు. నూనెలో నాని నలిగిన పసుప్పచ్చ ముద్ద ఒకటి, దాని పక్కన మూడు గింజలు రాలాయి. మాలకీ కళ్లద్దాలు సరిచేసుకుని, పట్టకారుతో ఒక గింజను పైకెత్తి చూశాడు.

"డాక్టర్, ఇవి... బియ్యమా?"

 తెరిచిన బోల్టు, పైకి చూస్తున్న సందు, చల్లిన అక్షింతలు అన్నీ గిరిజ కళ్ల ముందు తిరిగాయి. పోటీ రోజు గొట్టం ఖాళీయా కాదా అని చూసింది గానీ దాని కింద చూడలేదు. రోజూ పొద్దున మత్తు మిషనును ముక్కముక్కా పరీక్షించే మనిషి, దేవుడనుకుని దండం పెట్టినదాన్ని పరీక్షించడమేమిటనుకుంది. బుద్ధి లేకపోతే సరి! ఒళ్లు మండిపోయింది. ఈసారి మండింది తన మీదే.

మాలకీ గుడ్డ మడిచాడు. "నేను ఎవరికీ చెప్పను. కొత్తది తెప్పించుకోండి. వాళ్లకిదో లెక్కా?" అన్నాడు. మంచితనంగానే అన్నాడు.

"వద్దు. ఆ బియ్యం నాకివ్వండి," అంది గిరిజ. గొంతు చాలా తగ్గింది. ఇప్పుడు మాలకీకి ఆ గొంతు అర్థమైంది.

ఆదివారం క్లబ్బులో టీ తాగే గదిలో అందరి ముందూ మూడు గింజల్నీ బల్ల మీద పెట్టింది. "తుపాకీది తప్పు కాదు. నాది. పూజ చేశాను, తరువాత విప్పి చూడలేదు. జట్టు నా వల్ల ఓడింది," అని చెప్పింది.  డెక్లన్ పగలబడి నవ్వాడు. తన తుపాకీ కూడా ఒకసారి శాండ్‌విచ్ తునకతో ఆగిందన్నాడు. "గ్రాండ్, ఏం పర్వాలేదు, వచ్చే నెలలో ఇంకో పోటీ ఉంది," అని సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నాలుగో పేరు అలాగే ఉంచి, తేదీ మార్చాడు.

గిరిజకి ఏడుపొచ్చింది, కోపంతో. ఎవరి మీదో ఇంటికొచ్చే దాకా ఆమెకే తెలియలేదు. వంటింటి బల్ల దగ్గర కంపెనీకి క్షమాపణ ఉత్తరం రాస్తుంటే వర్షిత వచ్చి పక్కన కూర్చుంది. గిరిజ రాయడం ఆపి, మొదటిసారి కూతురికి ఆ క్యాంపు సంగతి చెప్పింది. ఎడమకు పోయిన గుండు, కిందికి పోయిన గుండు, హవల్దారు సామెత, నవ్వులు, రిజిస్టరులో రెండు మాటలు.

వర్షిత అంతా విని, "బట్ మామ్, డిడ్ నోబడీ ఈవెన్ ఓపెన్ ఇట్?" అంది.

ఇరవై ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, నాన్న అడగలేదు. చెయ్యి నిజంగానే వణికిందేమోనని ఎన్నోసార్లు తనను తాను ప్రశ్నించుకున్న గిరిజ కూడా, ఆనాడు బతిమాలాక మళ్లీ అడగలేదు. పరాయి దేశంలో ఒక కొట్టువాడు అయిదు నిమిషాల్లో రెండు పిన్నులు లాగి తప్పెవరిదో చెప్పాడు. తప్పు తనదని తేలింది. తేలితే తేలింది, ఒప్పుకుంది, అయిపోయింది. ఆనాడు ఆ హవల్దారు మహానుభావుడికి ఆ అయిదు నిమిషాలే దొరకలేదు.

"లేదమ్మా," అంది గిరిజ. గొంతు తగ్గలేదు. ఇంటి గోడలు దద్దరిల్లేలా అరిచింది. పక్క గదిలో, ఆదివారమైనా తప్పని ఆఫీసు మీటింగులో ఉన్న దేవదాసు ఉలిక్కిపడి తలుపు తీశాడు. "ఎవడూ విప్పి చూళ్లేదే! మద్దెల ఓడో కాదో విప్పి చూస్తే కదా తెలిసేది!"