అమావాస్యకు ఆగిన చప్పుడు

కరోనా ఆంక్షలు సడలిన మరుసటి వేసవిలో నన్ను మేడ్చల్ వర్క్‌షాప్‌కు సర్వీస్ మేనేజర్‌గా బదిలీ చేశారు. ఉద్యోగంలో అదే నా చివరి మజిలీ. పికప్ బండ్లు, చిన్న లారీలు, వాటి వెనక తగిలించే ట్రైలర్లు మా దగ్గరికి మరమ్మతుకు వచ్చేవి. వర్క్‌షాపుల్లో ఎవరి హోదా వారిదే. వచ్చిన ఫిర్యాదును సర్వీస్ అడ్వైజర్ రాసుకుంటాడు, పని సూపర్‌వైజర్ పంచుతాడు, విప్పి బిగించేది మెకానిక్. చివరగా బండిని రోడ్డు మీద నడిపి చూసి, గేటు దాటవచ్చని సంతకం పెట్టేది సర్వీస్ మేనేజర్. ఆ సంతకం లేకపోతే యజమాని వచ్చి నిలబడినా వాచ్‌మన్ గేటు తీయడు. నా ఉద్యోగం మొత్తంలో నాకున్న అసలైన అధికారం అదొక్కటే, దాన్ని నేను బాగానే అనుభవించాను.

నాకు చప్పుళ్ల పిచ్చి. మా ఇంట్లో మిక్సీ మోత కాస్త మారినా ఊరుకోను. చట్నీ రుచి ఎలా ఉందో చెప్పమంటే మిక్సీ బేరింగ్ పోయిందని చెప్తానని మా ఆవిడ ఇప్పటికీ నలుగురిలో పెట్టి దెప్పుతుంది. అలాంటి నా దగ్గరికి ఒక శనివారం మధ్యాహ్నం ఒక వంటబండి వచ్చింది.

గౌడవెల్లికి చెందిన సుగుణమ్మ ఆ బండి యజమానురాలు. వాళ్ల చర్చిలో క్రిస్మస్ విందులకు వండి వండి చేయి తిరిగాక, రెండు చక్రాల ట్రైలర్ మీద పొయ్యిలు బిగించి, పైకప్పు వేయించి, పెళ్లిళ్లకు వండిపెట్టడం మొదలుపెట్టింది. దాన్ని పికప్‌తో లాక్కెళ్లే డ్రైవర్ యాదగిరిది రావల్కోల్. బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి 'ఠంగ్'మని చప్పుడు వస్తోందనీ, పొద్దున శామీర్‌పేట దగ్గర అయితే గంటెలన్నీ కింద పడ్డాయనీ సుగుణమ్మ చెప్పింది. యాదగిరి మాత్రం తనను అనవసరంగా ఇక్కడికి ఈడ్చుకొచ్చారన్నట్టు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు.

"గది పెద్ద బీమారేం గాదు సార్. అమాసకు పూజ జేస్తే సప్పుడు బందయితది. మల్ల పది దినాలకు షురువయితది. ఈపారి రెండు దినాలకే షురువయింది, గంతే. రేపు ఇంకోపారి చేస్తే అయిపోతది" అన్నాడు.

నేను చెవులు రిక్కించాను. చప్పుడు రావడం మాకు మామూలే. పూజ చేస్తే ఆగడం, అదీ ప్రతిసారీ ఆగడం, నేను మొదటిసారి వింటున్నాను. పూజ ఎలా చేస్తావని అడిగాను. అతను ఉత్సాహంగా చెప్పాడు. ముందు రోజు కిరసనాయిలుతో జిడ్డంతా కడిగేస్తాడు. ఆ తర్వాత ట్రైలర్ ముందు కొసన ఉన్న ముక్కుకీ, పికప్ వెనక ఉన్న ఇనుప గోళానికీ కొత్తగా వెండి రంగు వేస్తాడు. తెల్లారి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, మిరపకాయలు. సుగుణమ్మ నవ్వుతూ, వాళ్ల పాస్టర్ గారు కూడా వచ్చి బండి మీద చేయి పెట్టి ప్రార్థన చేశారని చెప్పింది. ఆ విధంగా ఆ బండికి రెండు మతాల ఆశీర్వాదం అందింది. గ్రీజు మాత్రం అందలేదు.

తెలియనివారి కోసం ఈ గోళం సంగతి చెప్పాలి. బండికీ ట్రైలర్‌కీ మధ్య ఉండే బంధాన్ని కప్లర్ అంటాం. పికప్ వెనక నిమ్మకాయ కంటే కాస్త పెద్దదైన ఇనుప గోళం ఉంటుంది. ట్రైలర్ ముందు కొసన ఉన్న గిన్నెలాంటి భాగం దాన్ని పైనుంచి కప్పుకుంటుంది. గిన్నె లోపల ఒక దవడ ఉండి, పైన పిడి నొక్కగానే గోళాన్ని కిందినుంచి పట్టుకుంటుంది. పిడి లేవకుండా ఒక పిన్ను. ఎంత బరువైన ట్రైలర్ అయినా ఆ గోళమూ ఆ దవడా పట్టుకున్నంత వరకే మన వెంట వస్తుంది. ఒకవేళ పట్టు తప్పితే ట్రైలర్ విడిపోకుండా రెండు గొలుసులు ఉంటాయి. వాటిని సేఫ్టీ చెయిన్లంటాం.

వంగి చూశాను. గొలుసులు ఉన్నాయి. నిమ్మకాయలూ మిరపకాయలూ వాటికే వరుసగా గుచ్చి, నేలకు తగిలి మైలపడకుండా పైకి చుట్టి తీగతో కట్టేశాడు. గొలుసుకు నిమ్మకాయలు కట్టాడు గానీ, గొలుసును పికప్‌కు కట్టలేదు.

పిడి పడే ఉంది, పిన్ను కూడా ఉంది. పైకి చూస్తే ఏ లోపమూ లేదు. యాదగిరి "జూస్తిరా?" అన్నట్టు సుగుణమ్మ వైపు చూశాడు. అప్పుడు జాకీ తెప్పించాను. కప్లర్ పరీక్షలో తిరుగులేనిది ఇదే. పిడి బిగించి ఉండగానే ట్రైలర్ ముక్కు కింద జాకీ పెట్టి పైకి లేపాలి. దవడ పట్టుకుని ఉంటే ట్రైలర్ ముక్కుతో పాటు పికప్ వెనక భాగం కూడా పైకి లేస్తుంది.

మెకానిక్ జాకీ తిప్పాడు. ముక్కు లేచింది. పికప్ కదల్లేదు. గిన్నె ఆ గోళం మీదినుంచి మెల్లగా, ఏ అడ్డూ లేకుండా లేచి గాల్లో నిలబడింది. పిడి బిగించినది బిగించినట్టే ఉంది, పిన్ను పెట్టినది పెట్టినట్టే ఉంది.

యాదగిరి అక్కడే టైరు మీద కూలబడ్డాడు. సుగుణమ్మ గొంతు తగ్గించి, "మా శాంసన్ కంపెనీకి పోయేటప్పుడు బైకు మీద గీ బండి ఎనకాల్నే వస్తడు సార్. అమ్మ బండికి కావలుంట అనుకుంట వస్తడు" అంది. శాంసన్ ఆమె కొడుకు. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నా, విడిపోయిన ట్రైలర్ వెనక నుంచి వచ్చే బైకును ఊహించుకోవడం నాకు ఏనాడూ అలవాటు కాలేదు.

థిన్నర్‌తో రంగు కడిగించాం. పొర కింద పొర, దాని కింద ఇంకో పొర. అన్నీ పోయాక గోళం మీద దాని కొలత అచ్చు బయటపడింది, యాభై మిల్లీమీటర్లు. గిన్నె మీద అచ్చు రెండంగుళాలు. కంటికి రెండూ ఒకటే, తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. కానీ ట్రైలర్ కట్టినవాళ్లు గోళం ఒక చోట, గిన్నె ఇంకో చోట కొనడంతో మొదటినుంచీ వదులు ఉండిపోయింది. దానికి తోడు గ్రీజు లేక ఇనుమూ ఇనుమూ రాచుకుని రెండూ అరిగాయి, దవడ అంచు గుండ్రంగా తయారైంది. యాదగిరి రంగు వేసిన ప్రతిసారీ ఆ వదులులోకి రంగు పొర వెళ్లి కూర్చునేది, చప్పుడు ఆగేది. పది రోజుల్లో రంగు రాలిపోయేది, చప్పుడు మళ్లీ వచ్చేది. అరుగుదల పెరిగిన కొద్దీ రంగు నిలిచే రోజులు తగ్గాయి. అతను గమనించింది అక్షరాలా నిజం. కారణం ఒక్కటే తప్పు.

అతనికి ఇదంతా చూపించి, నీ పూజ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, నీ రంగు డబ్బా మీదే అన్నాను. చాలాసేపు గోళాన్ని వేలితో తడిమి, "అంటే సార్, నేను జబ్బుకు పౌడర్ రాసినన్నట్టు" అన్నాడు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఇక అసలు చిక్కు వచ్చింది. మర్నాడు ఆదివారం దేవరయాంజాల్‌లో పెళ్లి భోజనం. అది సుగుణమ్మకు వచ్చిన మొదటి పెద్ద పెళ్లి. కొత్త కప్లర్, దానికి సరిపడే గోళం రాణిగంజ్ నుంచి రావాలి. మనిషిని పంపేసరికి ఆ సామాన్ల బజారు మూసేస్తారు, మర్నాడు ఆదివారం సెలవు, అంటే సోమవారం దాకా బండి కదలదు. చెడిపోయిన బండ్లను మోసే మా రికవరీ లారీ మీదికి ఎక్కిద్దామంటే పైకప్పు ఎత్తు ఎక్కువ, దారిలో కరెంటు తీగలకు తగులుతుంది. పొయ్యిలు విప్పి తీసుకెళ్దామంటే వాటిని ఫ్రేముకు వెల్డింగ్ చేసేశారు.

యాదగిరి నెమ్మదిగా, నడక వేగంతో తీసుకెళ్తానన్నాడు. నేను కుదరదన్నాను. ట్రైలర్‌కు ఎర్ర బిళ్ల కట్టాను. బిళ్ల కట్టామంటే ఆ జత రోడ్డెక్కకూడదని అర్థం. సుగుణమ్మ నాతో వాదించలేదు. "పెండ్లోల్లకు ఏమని చెప్పాలె సార్? మాట ఇచ్చిన. రేపు అన్నం పెట్టకుంటే ఇగ నన్నెవ్వలు పిలుస్తరు?" అని మాత్రం అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూశాక, ఎర్ర బిళ్ల కట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆమె కాసేపు మా యార్డు వైపు చూసింది. విశాలమైన సిమెంటు నేల, ఒక మూల నీళ్ల కుళాయి, గోడ వారన వేపచెట్టు నీడ. ఉన్నట్టుండి కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"సార్, బండి కదలొద్దన్నరు. వంట జెయ్యొద్దన్లే గదా?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. నిజమే, మా నియమాలు రాసినవారికి ఆ ఆలోచన వచ్చి ఉండదు. ట్రైలర్ నుంచి విడదీస్తే పికప్‌లో ఏ లోపమూ లేదు. ఇక్కడ వండి, గిన్నెలు పికప్‌లో పెట్టుకుని దేవరయాంజాల్ తీసుకెళ్తే సరిపోతుంది. మా జనరల్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఆయన ముందు "వంటా? మన యార్డులోనా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత ఏం వండుతున్నారని అడిగారు. బగార అన్నం, మటన్ కూర, దాల్చా అని చెప్పాను. తనకూ ఒక క్యారియర్ పంపితే అనుమతి ఇచ్చినట్టే అన్నారు.

ఆదివారం వర్క్‌షాప్‌కు సెలవు కాబట్టి వెల్డింగ్ నిప్పురవ్వల భయం లేదు. అయినా ట్రైలర్‌ను చేతులతో తోసి షెడ్డుకు దూరంగా నిలిపించాం. బండ్లన్నీ అటు పక్కకు మార్పించి, మంటలార్పే సిలిండర్లు, ఇసుక బకెట్లు దగ్గర పెట్టించాను. తెల్లవారగానే సుగుణమ్మ వంటవాళ్లతో వచ్చింది. చర్చికి వెళ్లలేని రోజు కదా, పొయ్యి వెలిగించే ముందు అక్కడే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. యాదగిరి కూడా ఒక కొబ్బరికాయ తెచ్చాడు. ఎక్కడ కొట్టాలో అర్థంకాక నా వైపు చూస్తే, కప్లర్ మీద తప్ప ఎక్కడైనా కొట్టుకోమన్నాను.

మధ్యాహ్నానికల్లా డీజిల్ వాసనకు అలవాటుపడిన మా యార్డు బగార వాసనతో నిండిపోయింది. గిన్నెలు కదలకుండా ఎలా కట్టాలో దగ్గరుండి చూపించాను, అది నా పని కాకపోయినా. యాదగిరి మూడు విడతలుగా తీసుకెళ్లాడు. చివరి విడత వెళ్లాక పెళ్లివారి నుంచి ఫోన్ వచ్చింది. సుగుణమ్మ వింటూ వింటూ నవ్వేసింది. అన్నం వేడిగా ఉందట, కూర మళ్లీ మళ్లీ అడుగుతున్నారట. ఆ తర్వాత నాకు విస్తరి వేసి, "ఆంధ్రోల్లు మస్తు కారం తింటరంటరు గదా సార్, సూద్దాం" అంది. మాది తణుకు వైపు. పరువు కోసం కన్నీళ్లు కారుస్తూనే రెండోసారి వేయించుకున్నాను.

సోమవారం సామాను వచ్చింది. ఈసారి గోళం, గిన్నె రెండూ యాభై మిల్లీమీటర్లవే. పాత బోల్టులు మళ్లీ వాడలేదు. బోల్టులు దిగే ఇనుప పట్టీ చిల్లుల్లో ఒకటి కోలగా సాగి ఉంటే ఆ పట్టీనే మార్పించాం. కొత్త బోల్టులను టార్క్ రెంచితో, అంటే ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానాతో బిగించారు. గోళానికి పల్చగా గ్రీజు పూయించాను. వెనక ఉన్న నీళ్ల డ్రమ్మును ఇరుసుకు ముందు వైపుకి జరిపించాను. వెనక బరువెక్కువైతే ముక్కు తేలిపోయి ట్రైలర్ ఊగుతుంది. గొలుసులను ముక్కు కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా వచ్చేలా పికప్‌కు తగిలించాం. ముక్కు జారినా నేలను తాకకుండా ఆ గొలుసుల మీదే ఆగాలి.

మళ్లీ జాకీ పెట్టారు. ఈసారి ట్రైలర్ ముక్కుతో పాటు పికప్ వెనక భాగం కూడా లేచింది. యాదగిరి చూసి, "ఇంకోపారి లేపుండ్రి సార్" అన్నాడు. లేపించాను. మూడోసారి అతనే జాకీ తీసుకుని తిప్పుకున్నాడు. తర్వాత ట్రైలర్‌ను లాక్కుంటూ, సుగుణమ్మతో కలిపి ముగ్గురం పికప్‌లో శామీర్‌పేట దాకా వెళ్లి వచ్చాం. కావాలని చాలా చోట్ల బ్రేకు వేయించాను. ఒక్క చప్పుడూ లేదు. తిరిగివచ్చి ఎర్ర బిళ్ల విప్పి సంతకం పెట్టాను.

ఆ దసరాకు యాదగిరి బండి తీసుకుని వచ్చాడు, మరమ్మతుకు కాదు, చూపించడానికి. పికప్ బానెట్ మీద పెద్ద కుంకుమ బొట్టు, ట్రైలర్ చుట్టూ బంతిపూల దండలు, తలుపులకు కొత్త రంగు. గొలుసులు మాత్రం తగిలించాల్సిన చోట తగిలించి ఉన్నాయి. గోళం మీద రంగు చుక్క కూడా లేదు, తాజా గ్రీజు మెరుస్తోంది. "దీనికి బొట్టు గిదే సార్" అన్నాడు, గ్రీజు అంటిన వేలు చూపిస్తూ. వెనక బైకు మీద వచ్చిన శాంసన్ నా చేతికి టిఫిన్ క్యారియర్ ఇచ్చాడు.

చప్పుడు వస్తున్న బండిని ఎవరైనా వర్క్‌షాప్‌కు తెస్తారు. దానంతట అదే చప్పుడు ఆగిపోయిన బండిని ఎవరూ తీసుకురారు. చప్పుడు ఎందుకు వచ్చిందో కనుక్కోవడం సగం పని, ఎందుకు ఆగిందో కనుక్కోవడం మిగతా సగం. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, "ఇప్పుడు బాగైంది సార్, సూడనక్కర లేదు" అన్న బండినే నేను ముందుగా జాకీ మీదికి ఎక్కించాను.