వాసన వెతుక్కుంటూ స్టాక్‌టన్ ఖ్మేర్ సంతకు

కిందటి చలికాలం జ్వరం వచ్చి నా ముక్కుకి వాసన తెలియకుండా పోయింది. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. "రావచ్చు, రాకపోవచ్చు" అని డాక్టర్ చేతులెత్తేశాడు. కాలిఫోర్నియా శాంటా క్లారాలోని మా తెలుగు చర్చిలో, ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమ విందు అంటే చేపల పులుసు నాదే. నరసాపురం దాన్ని, ఆ గరిటె ఇంకొకరికి ఇచ్చే రకం కాదు. అలాంటిది మొన్న ఈస్టర్ విందులో పాడైన కొబ్బరితో పచ్చడి చేసి పెట్టాను. పాపం, అందరూ మర్యాదగా తినేశారు. ఆ మర్యాదకే నా ప్రాణం చచ్చిపోయింది. అప్పట్నుంచి పొయ్యి దగ్గర నిలబడాలంటే భయం. వచ్చే విందుకి పులుసు చేస్తానో లేదో పాస్టరమ్మగారికి ఈ వారాంతంలోపు చెప్పాలి.

మా ఆఫీసులో సోఖా అని కంబోడియా అమ్మాయి ఉంది. పుట్టి పెరిగింది స్టాక్‌టన్‌లోనే. నా గోడంతా విని, "మా ప్రహోక్ వాసన చూడు. అదీ తెలియకపోతే ఇక ఆ ముక్కు మీద ఆశ వదులుకో" అని నవ్వింది. ప్రహోక్ అంటే ఉప్పేసి నెలల తరబడి పులియబెట్టిన చేపల ముద్ద. ఖ్మేర్ వంటలో, అంటే కంబోడియా వాళ్ల వంటలో, అది లేనిదే రోజు గడవదట. తన చిన్ననాటి సంతలో ఏ అంగడికి వెళ్లాలో కూడా చెప్పింది.

శనివారం ఉదయం ఏడింటికి బయల్దేరాం. 680 హైవే ఎక్కి, 580 మీద గాలిమరల కొండలు దాటి, 205 మీదుగా ఐ-5 పట్టుకుంటే గంటన్నర ప్రయాణం. తొమ్మిది దాటితే ట్రాఫిక్ మొదలవుతుంది కాబట్టి పెందలాడే వెళ్లడం మంచిది. డ్రైవింగ్ మా ఆయన సుధీర్‌ది, సణుగుడు కూడా ఆయనదే. "కంపు కోసం కారులో గ్యాస్ కొట్టించుకుని మరీ వెళ్లేదాన్ని నిన్నే చూశాను" అన్నాడు. "మీరు నడపండి చాలు, వాసన నేను చూసుకుంటా" అన్నాను.

సంత అంటే పెద్ద హడావిడేమీ లేదు, ఒక పార్కు అంచున వరసగా టెంట్లు. నిమ్మగడ్డి పట్టించి పుల్లలకు గుచ్చిన బీఫ్ ముక్కలు నిప్పుల మీద కాలుతున్నాయి. ఒకావిడ పచ్చి బొప్పాయి తురుము రోట్లో వేసి దంచుతోంది. ఆ చప్పుడు వినగానే నాకు హాయిగా అనిపించింది. నేల మీద పరిచిన పట్టాల మీద అరటిపువ్వులు, వేపచిగుళ్లు ఉన్నాయి. వేపచిగుళ్లు ఎండుచేపతో కలుపుకుని తింటారట, వింటేనే నా నోరు ఊరింది. అంగళ్లలో కార్డులు తీసుకోరు, పది పన్నెండు డాలర్లుంటే ఒక మనిషికి కడుపు నిండుతుంది.

సోఖా చెప్పిన అంగడి ఆమెను అందరూ మింగ్ అంటున్నారు. మింగ్ అంటే పిన్ని అట. అరవై దాటిన మనిషి, మాట కరుకు. విషయం చెప్పగానే కిందనుంచి డబ్బా తీసి మూత విప్పింది. సుధీర్ "ఓరి నాయనో!" అని జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయాడు. నేను మొహం డబ్బాలో పెట్టినంత పని చేశాను.

"ఏమైనా తెలిసిందా?" అంది మింగ్.

"ఏమీ లేదు."

సుధీర్‌ని చూసి నవ్వుతున్నదల్లా ఆగింది. "సరే, ఇలా కూర్చో. ముందు తిను."

నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. ఎదురుగా గిన్నె పెట్టింది: సన్నని బియ్యపు సేమ్యా, పైన చేపతో చేసిన పచ్చటి పులుసు, దాని మీద దోసకాయ, మొలకలు, తరిగిన అరటిపువ్వు. దీన్ని నమ్ బాన్ చోక్ అంటారు, వాళ్లకి మన ఇడ్లీలా పొద్దుటి టిఫిను. వాసన లేకపోయినా నాలుకకి ఉప్పు, పులుపు, వగరు తెలిశాయి, పళ్ల కింద కరకర తెలిసింది. బాగుందని తల వంచుకుని తింటున్నాను. ఉన్నట్టుండి నా నోటి నుంచి మాట జారింది.

"వెల్లుల్లి మాడుతోంది."

తనూ గిన్నె తెచ్చుకుని పక్కన తింటున్న సుధీర్ చెంచా దించాడు. "ఏమన్నావ్?"

"వెల్లుల్లండీ. ఎవరిదో మాడిపోతోంది."

"నాకు పొగ తప్ప ఏం తెలియట్లేదే" అన్నాడు నెమ్మదిగా. నాలాంటివాళ్లకి లేని వాసనలు కూడా వస్తుంటాయని డాక్టర్ ముందే చెప్పాడు.

అప్పుడు మింగ్ వెనక్కి తిరిగింది. జావ మీద చల్లడానికి మూకుడులో వేయిస్తున్న వెల్లుల్లి సగం నల్లబడిపోయింది. ఖ్మేర్‌లో ఏదో గట్టిగా తిట్టుకుంటూ మూకుడు దించి నా వైపు తిరిగింది. "నువ్వు ముందే పట్టేశావ్!" అని ఆ మూకుడే తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. ప్రభువా, ఎంత ఘాటు, ఎంత చేదు కంపు! నేను వెక్కి వెక్కి ఏడ్చాను. సుధీర్ కళ్లు తుడుచుకుని, పొగ వల్ల అన్నాడు.

గిన్నె ఖాళీ అయ్యేసరికి ఆ వాసన మళ్లీ పోయింది. అయినా దిగులు పడలేదు, వాసనకి ఒకసారి దారి తెలిసింది కదా. కారెక్కగానే పాస్టరమ్మగారికి ఫోన్ చేశాను. "వందనాలండీ. పులుసు నాదే."

"వాసన వచ్చేసిందా సిస్టర్?"

"వచ్చి వెళ్లిందండీ. మళ్లీ వచ్చేదాకా మా ఆయన్ని పొయ్యి పక్కన నిలబెట్టి వండుతా."

ఇన్నాళ్లూ వాసన లేకపోతే వంట లేదనుకున్నాను. కొత్తవాళ్ల తిండి ముందు కూర్చుంటే, పోయింది ఒకటే, మిగిలినవి చాలా ఉన్నాయని అర్థమైంది. ఇంతకన్నా పెద్ద మాటలు నాకు రావు.

మీరూ వెళ్తే ఒక్క జాగ్రత్త: ప్రహోక్ కొంటే రెండు మూడు కవర్లలో గట్టిగా కట్టించుకుని నిటారుగా పెట్టండి. మాది దారిలో కారింది. కారంతా భరించలేని కంపు అంటున్నాడు సుధీర్. నాకింకా తెలియడం లేదు. తెలిసేదాకా కడగొద్దన్నాను.