బంతి బయటకు పోయిందని చెప్పిన సాయంత్రం

పక్క క్వార్టర్‌లో ఎవరో ఫోన్‌లో ఫుట్‌బాల్ పెట్టుకున్నట్టున్నారు. గోడకు ఇవతల రొట్టెలు కాలుస్తున్న నాకు మాటలు తెలియవు, జనం హోరు మాత్రం వినిపిస్తుంది. సన్నగా మొదలై, పొంగి, ఒక్కసారిగా ఉసూరుమని చల్లారే హోరు. బంతి లోపలికి పోలేదన్నమాట. ఆ వెంటనే ఖాదర్ కాక గుర్తుకొస్తాడు, పెనం మీద రొట్టె మాడిపోతుంది.

కాకది గోదావరిఖనిలో మా వరుసలోనే చివరి క్వార్టర్. బొగ్గు గనిలో సర్దార్‌గా చేశాడు. అంటే, పైకప్పును కట్టెతో తట్టి, ఇక్కడ పని చెయ్యచ్చు, ఇక్కడ వద్దు అని చెప్పే మనిషి. వయసులో ఉన్నప్పుడు గని జట్టుకు గోల్‌కీపర్ కూడా. రిటైరయ్యాక, నేను ఇక్కడికి కాపురానికి రాకముందే, షుగర్ వ్యాధి ఆయన రెండు కళ్లనూ తినేసింది. నేను చిన్న తరగతిలోనే బడి మానేసినదాన్ని, ఫుట్‌బాల్ ఊసే ఎరగను. ఒకనాడు కూర ఇద్దామని వెళ్తే కాక టీవీ వైపు చెవి పెట్టి కూర్చుని ఉన్నాడు. "బిడ్డా, జర కూసో. ఏమైతుందో చెప్పు" అన్నాడు.

"టీవీల ఆయన చెప్తనే ఉన్నడు గద కాకా."

"ఆయన ఇంగ్లీషుల ఆటగాళ్ల ముచ్చట చెప్తడు. ఆట చెప్పడు."

కాసేపు చూసి, "ఒకాయన తన్నిండు, ఇంకొకాయన ఆపిండు" అన్నాను. కాక నవ్వాడు. "గట్ల చెప్తే నాకేం కనబడుతది? ఎవడు ఏడ నిలబడ్డడో ముందు చెప్పు, తన్నుడు తర్వాత. గనిల ముందు నడిచేటోడు వెనకోనికి చెప్పుకుంట పోవాలె, ఈడ నీళ్లున్నయి, ఈడ కప్పు కిందికున్నదని. వాడు తప్పు చెప్తే వెనకోని తలకాయ పగులుతది." అట్లా నేర్చుకున్నాను. మా ఆయన సాయంత్రం షిఫ్టుకు పోయిన రోజుల్లో నాకు అదే పని. ఈనాటికీ పిల్లలు నా చుట్టూ చేరి కథ చెప్పమంటే, ముందు ఎవరెక్కడ ఉన్నారో చెప్పి గానీ కదలను.

ఆ ఏడు ఆసియా దేశాల క్లబ్బుల పోటీ వచ్చింది. "దేశాలు ఆడవు బిడ్డా. ఏ దేశంల ఏ క్లబ్బు ఫస్టొస్తే అది ఆడుతది. గనికో జట్టు గెలిచి ఏరియా ఆటకొచ్చినట్టు" అని కాక చెప్పాడు. మన దేశంలో గెలిచిన క్లబ్బు దుబాయి దిక్కు పోయి ఆడుతోంది. అప్పటికే పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేస్తే కాకకు చూపు కొంత రావచ్చని డాక్టర్లు అన్నారు. ఆలస్యమైతే ఆ ఆశ కూడా ఉండదన్నారు. కాక కదలడు. ఆయన భార్య జుబేదా చిన్నమ్మ బతిమాలింది, ఏడ్చింది, అన్నం మానేసింది. చివరికి కాక, "మనోళ్లు ఈ ఆట గెలిస్తే పోత. ఓడితే నా జోలికి రావద్దు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆయన మాట తప్పడని మాకు తెలుసు.

ఆట చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మనవాడు ఒక్కడే బంతితో గోల్ ముందుకు దూసుకుపోయాడు. తన్నాడు. బంతి పై కమ్మీ మీదుగా బయటకు పోయింది. అక్కడి జనం సంతోషంతో అరిచారు.

"పోయిందా బిడ్డా లోపలికి?" కాక కుర్చీలోంచి సగం లేచాడు.

చిన్నమ్మ రిమోట్ పట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉంది. లోపలికి పోయిందని చెప్పు, టీవీ బంద్ చేస్తానని సైగ చేసింది. రెండు చేతులూ జోడించింది. నేను ఆమె చేతుల వైపు, టీవీ వైపు చూశాను. ఒక్క మాటతో ఆయన దవాఖానకు వస్తాడు.

"లేదు కాకా. కమ్మీ మీదికెళ్లి బయటకు పోయింది" అన్నాను.

చిన్నమ్మ మంచం మీద కూలబడింది. కాసేపటికే అవతలివాళ్లు గోల్ కొట్టారు. అదీ చెప్పాను. ఆట అయిపోయింది. కాక చాలాసేపు మోకాళ్లు రాసుకుంటూ కూర్చున్నాడు.

"మీ చిన్నమ్మ సైగ చేసింది గద? నువ్వు జవాబు చెప్పెటానికి జర ఆగినవ్."

నేను చిన్నమ్మ చేతిలోంచి రిమోట్ తీసుకుని టీవీ ఆపాను.

"నాకు కత్తంటే భయం లేదు బిడ్డా. అందరు ఏం కాదు, ఏం కాదు అంటరు. ఏం కాకపోతే కోసుడెందుకు? డాక్టర్ ఏమంటే గది ఉన్నదున్నట్టు చెప్తవా? చెప్తనంటే రేపే పోదాం."

"ఓడినా పోతవా?" చిన్నమ్మకు నమ్మకం కలగలేదు.

"ఓడింది వాళ్లు. నేనా?"

నేను వెంట వెళ్లాను. ఆపరేషన్ అయి కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. మంచం దగ్గరికి వచ్చి, "ఎడమ కన్ను ఇగ రాదంట కాకా. కుడిది వస్తే రావచ్చు, గట్టిగ చెప్పలేమన్నరు" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. నెమ్మదిగా కుడికన్ను మనుషులను పోల్చుకునేంత తెరుచుకుంది. నన్ను మొదటిసారి చూసి, "గింత పొట్టిదానివా? గొంతు ఇంటే తాటిచెట్టంత ఉంటవనుకున్న" అన్నాడు. ఆ చూపుతోనే ఆఖరిదాకా బతికాడు, టీవీకి ముక్కు ఆనించి.

కాక పోయాక కూడా మా వాడకట్టులో ఎవరికి రోగమొచ్చినా దవాఖానకు నన్నే తోడు రమ్మంటారు. మొన్న మా చెల్లెలి రొమ్ములో గడ్డ కేన్సరని తేలింది. దానికి చెప్పొద్దని ఇంటిల్లిపాదీ నాకు ఒట్లు పెట్టారు. దవాఖాన వరండాలో బల్ల మీద దాని పక్కన కూర్చుని, డాక్టర్ అన్నదంతా చెప్పాను. నా భుజం తడిసేదాకా ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "రేపు ఎన్ని గంటలకు రమ్మన్నరక్కా?" అని అడిగింది.