నస్రా ఇంటి నేల మీద వేటగాడు

మాదబా ఊళ్ళో పాత చర్చి వీధికి పోయి ఎవర్నడిగినా చెబుతారు, నస్రా కొత్త కోడలుగా వచ్చిన ఏడాదే పెళ్ళి గోధుమలు దంచి, నేల మీది వేటగాడి బొమ్మకి ముఖం చెడగొట్టిందని. అది నిజం కాదు. "ఆవిడే ఒప్పుకుంది కదా" అంటారు. ఒప్పుకున్న మాట నిజమే, చేసిన మాట నిజం కాదు.

ఆ ఊళ్ళో ఎక్కడ గునపం వేసినా పాత చర్చి నేల ఏదో ఒకటి బయటపడుతుంది. రంగురంగుల చిన్న రాళ్ళు ఒకదాని పక్కన ఒకటి అద్ది బొమ్మలు తీర్చిన నేలలు. తాతలు వాటి మీదే గోడలు లేపుకుని కాపురాలు పెట్టారు. నస్రా అత్తగారింట్లో వంటింటి పక్క గది కూడా అంతే. ద్రాక్షతీగలు, పళ్ళ బుట్టలు, మధ్యలో బల్లెం పట్టుకున్న వేటగాడు. కాకపోతే ఆ గదిలో మేకల గడ్డి నిలవేసేవాళ్ళు, అందుకని బొమ్మ ఎప్పుడోగాని కంటపడేది కాదు.

అత్త హిల్వేకి ఆ వేటగాడంటే ప్రాణం. ఆమె చిన్నతనంలో తుర్కీ సైన్యం వాళ్ళన్నని పట్టుకుపోయింది. మనిషి తిరిగి రాలేదు. ఫోటో అంటూ ఒక్కటీ లేదు. "గడ్డి కింద ఉన్నాడు చూడూ, అచ్చం మా అన్న కళ్ళే" అని కోడలు గడప తొక్కిన రోజే చెప్పుకుంది.

ఆ చలికాలం మరిది పెళ్ళి కుదిరింది. గోధుమలు దంచాలి, బయట చూస్తే వాన. నస్రా గడ్డి మూలకి నెట్టి, నేల మీద పేరుకున్న మట్టి మీదే చాప పరిచి, రోలు లోపలికి దొర్లించింది. పక్కింటి వదీయా రెండో రోకలి పట్టుకుని ఎదురు నిలబడింది. ఇద్దరూ పెళ్ళిపాటలు పాడుకుంటూ పోటు మీద పోటు వేశారు. పెళ్ళయ్యాక చాప ఎత్తి నీళ్ళు పోసి కడిగితే, వేటగాడి అంగీ ఉంది, బల్లెం ఉంది, ముఖం ఉండాల్సిన చోట గులాబీ, తెలుపు, నలుపు రాళ్ళు కలగాపులగంగా ఉన్నాయి.

హిల్వే గుమ్మంలో నిలబడి చూసింది. కేకలేమీ వెయ్యలేదు.

"మా అన్నని దంచేశావు కదే" అంది, అంతే.

ఆ మాట మాత్రం వీధంతా పాకింది. పాకించింది ఎవరనుకున్నారు, వదీయాయే.

"నస్రా చేతికి రోకలివ్వకండమ్మా, ఈసారి ఎవరి ముక్కు పోతుందో."

"నువ్వెదురు పోటు వెయ్యలేదా ఏం?"

"నా పోటు రోట్లోనే పడింది తల్లీ. నీది పాతాళం దాకా పోయింది."

ఏళ్ళు గడిచేకొద్దీ హిల్వే నోట కూడా అది మురిపెంగా మారింది. "రొట్టె బాగా కాల్చావే, మా అన్నని దంచితే దంచావు గానీ" అనేది. నస్రా నవ్వేసేది. కానీ ఆ గది ఊడ్చేటప్పుడల్లా ఆ చోటికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగేది. ముసలితనంలో హిల్వేకి చూపు మందగించింది. అప్పుడు కోడలే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ రాళ్ళ మీద ఆనించేది. హిల్వే వాటిని నిమురుతూ అన్న సంగతులు చెప్పేది.

హిల్వే పోయిన చాలా ఏళ్ళకి, నస్రా చెల్లెలి కూతురు హనీన్ వచ్చింది. ఆ పిల్ల చదివిందే ఇలాంటి పాతకాలపు చర్చి నేలల గురించి. స్పాంజీ, చిన్న కత్తి పట్టుకుని వేటగాడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"పెద్దమ్మా, దంచింది నువ్వేనా?"

"నేనే. కావాలంటే వీధిలో అడుగు."

"దంచితే రాళ్ళు పగలాలి, పల్లం పడాలి. ఇక్కడ చూడు, ఎంత సమంగా ఉందో. కంటి నల్లరాళ్ళు, బుగ్గ గులాబీ రాళ్ళు అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఎవరో పెళ్ళగించి, కలిపేసి, మళ్ళీ సున్నంలో అద్దారు. ఆ సున్నం కూడా పాతదే."

"ఎవరే?"

"ఆ చర్చి వాళ్ళే అయ్యుంటారు. వెయ్యేళ్ళ పైమాట. మనుషుల బొమ్మలు కూడదనే రోజులొచ్చాయి. చుట్టుపక్కల చాలా చర్చిల్లో ఇలాగే చేశారు. ఎందుకు చేశారంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు." తర్వాత బొమ్మలోని పళ్ళ బుట్ట అంచున చిన్న గుంట చూపించి నవ్వింది. "నీ రోలు దెబ్బ ఇదిగో. ఇంతే నీ పాపం."

నస్రా కూడా నవ్వింది. ఇన్నేళ్ళ బరువు దిగిపోయినట్టు గోడకి జేరబడింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

"అయితే మా అత్త ఎవర్ని చూసింది?"

హనీన్ స్పాంజీ పక్కన పెట్టింది.

"ఆవిడ కాపురానికొచ్చినప్పుడు కూడా ముఖం లేదంటావు."

"లేదు పెద్దమ్మా."

నస్రా వంగి ఆ రాళ్ళ మీద చెయ్యి ఆనించింది. అన్న ఫోటో కూడా లేని ఇంటి నుంచి కాపురానికొచ్చిన ఆనాటి హిల్వే, గడ్డి కోసం ఈ గదిలోకి వచ్చి, ఈ ఖాళీలో కళ్ళు వెతుక్కుంది కాబోలు.

ఇంతలో వదీయా కాఫీ పట్టుకుని వచ్చింది. "ఏమ్మా, తేలిందా ఎవరు దంచారో?"

హనీన్ నోరు తెరవబోయింది. నస్రా అందుకుంది. "ఇంకెవరు, నేనే. చదువుకున్న పిల్ల కూడా అదే చెప్పింది."

"నే చెప్పలా" అని వదీయా కాఫీ పోసింది.

ఆమె వెళ్ళాక నస్రా చెల్లెలి కూతురితో అంది, "నీ చదువులో ఉన్నదున్నట్టు రాసుకో. వదీయా చెవిన మాత్రం వెయ్యకు. ముఖమే లేదని తెలిస్తే, రేపు పొద్దున్నకల్లా మా అత్తకి అన్నే లేడంటుంది."

నిరుడు వదీయా కూడా పోయింది. వీధిలో ఆ కథ చెప్పుకునేవాళ్ళున్నారు గానీ, ఎదురుగా వచ్చి ఎత్తిపొడిచే మనిషి లేక నస్రాకి సాయంత్రాలు గడవడం లేదు. ఈ చలికి మోకాళ్ళు కూడా పట్టేశాయట. అటు వెళ్ళేవాళ్ళు ఒక్కసారి తలుపు తట్టి ఎలా ఉందో చూసి రండి. వంటింటి వైపు తలుపు తట్టండి, వీధి వైపు తడితే ఆవిడకి వినపడదు.