బర్రె కోసం కుట్టిన క్యాలెండర్

రిటైర్మెంటుకు మూడేళ్లుండగా, ఒక డిసెంబర్ మొదటి వారంలో, ధర్మపురి దగ్గరి మండల పశువైద్యశాలలో చార్జి తీసుకున్నాను. కాగితాల మీద నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. ఊళ్లలో మాత్రం బర్ల డాక్టరమ్మ.

చేరిన పది రోజులకు రజిత తన బర్రెను తోలుకొచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి. భర్త దుబాయిలో పని చేస్తాడు, ఇంట్లో తనూ అత్త మల్లవ్వా ఉంటారు. బర్రె ఈని ఏడాదిన్నర దాటింది, పాలు వట్టిపోయాయి. రెండుసార్లు ఎద సూది, అంటే కృత్రిమ గర్భధారణ సూది, వేయించినా చూడి నిలవలేదు. వెంట వచ్చిన మల్లవ్వ తన తీర్పు ముందే చెప్పేసింది.

"ఉగాది దాక జూస్త మేడం. గప్పటికి చూడి కట్టకుంటే బేరగాన్ని పిలిచి అమ్ముత."

 దూడప్పటి నుంచి రజిత పెంచిన బర్రె అది. దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

బోనులో కట్టించి, భుజం దాకా గ్లౌజు తొడుక్కుని పరీక్షించాను. గర్భసంచి, అండాశయాలు చక్కగా ఉన్నాయి. లోపం లేదు, ఎద వచ్చినా పైకి తెలియడం లేదు; దీన్ని మేము మూగ ఎద అంటాం. ఆవు ఎదకొస్తే అరిచి వాడంతా చాటుతుంది. చాలా బర్రెలు నోరు మెదపవు. తోక కింద గాజు తీగలాంటి జిగురు కాసేపు కనిపించి పోతుంది, అంతే. మళ్లీ ఇరవై ఒక్క రోజులకు గానీ రాదు. అది పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయాలి. వాళ్లు ఇంతకుముందు ఎద చూసుకోకుండా, బర్రె చిరాకుగా ఉందని అంచనా మీద వేయించారట. మూడు విడతల తేదీలు రాసుకుని రమ్మన్నాను.

"రాసుడు నాతోటి గాదు మేడం, బొమ్మలేస్త" అంది రజిత.

ఫిబ్రవరి మూడో వారంలో అత్తాకోడళ్లు వచ్చారు. రజిత చేతిలో ఏడాది మొత్తానికీ సరిపడా క్యాలెండర్ ఉంది. ఇంటికొచ్చిన పెళ్లిపత్రికలు పన్నెండు ఏరి, వాటి వెనకవైపు తెల్లటి భాగం మీద గళ్లు గీసి, మరమగ్గాల ఎర్రదారంతో కుట్టింది. ముగ్గు చుక్కలు పెట్టే చెయ్యి కనుక గడి గడికీ తేడా లేదు. జనవరి మీద కందికాయలు, మే మీద ఊరగాయ జాడీ, సెప్టెంబర్ మీద తంగేడు పూలు. గళ్లలో ఇల్లంతా ఉంది. భర్త ఫోను చేసిన రోజున విమానం, గ్యాసు వచ్చిన రోజున బండ. మా శాఖవాళ్లు అచ్చువేసిన టీకాల క్యాలెండర్ నా వెనక గోడకు వేలాడుతోంది. దాన్నెవరూ ఇంత శ్రద్ధగా చూడగా నేనెరగను.

అందులో తెరిచిన నోటి బొమ్మ ఒకటి పదేపదే కనిపించింది. పెద్ద పళ్లు, నోట్లోంచి నాలుగు గీతలు. బర్రె అరిచిన రోజులనుకుని లెక్కపెట్టాను. ఏడు వారాల్లో తొమ్మిది. మధ్య ఎడం ఒకసారి మూడు రోజులు, ఒకసారి ఐదు, ఒకసారి తొమ్మిది. ఇలా అదుపు లేకుండా ఎదకొస్తుంటే అండాశయంలో నీటితిత్తి ఏర్పడిందేమోనని అనుమానించాలి. హార్మోను ఇంజక్షన్ రాయడానికి కలం తీసి, గంభీరంగా చెప్పాను.

"గిట్ల ఊకూకె ఒర్రుతుందంటే మంచిది గాదు రజితా. లోపల ఏదో తేడా ఉన్నది."

రజిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మేడం... గది బర్రె గాదు. మా అత్త."

మల్లవ్వ ఎదురుగా బల్ల మీదే కూర్చుని ఉంది. మా అటెండరు బకెట్ తీసుకుని బయటికి నడిచాడు.

"ఏదీ, ఇటు తే" అని మల్లవ్వ క్యాలెండర్ అందుకుంది. ఒక్కో నోటి మీదా వేలు పెట్టి చూసింది. "గీ తొమ్మిదిట్ల మూడు నువ్వు నల్ల బందు జెయ్యకనే. నీళ్లన్ని పోతుంటే ఒర్రనా? అయినా పండ్లు గిన్నేసినవేందే? నాకున్నయే నాలుగు!"

అందరికంటే ముందు ఆమే నవ్వింది. నేను కలం మూత పెట్టేశాను.

బర్రె గుర్తు వేరే ఉంది. గడి మూలన సన్నటి నీలం తీగ, పక్కన కోడిపుంజు. జనవరి మూడు, ఇరవై నాలుగు, ఫిబ్రవరి పద్నాలుగు. సరిగ్గా ఇరవై ఒక్క రోజుల ఎడం. మూడుసార్లూ కోడి కూసే వేళే. తెల్లారి బర్రె లేచేసరికి జాడ ఉండదు. తరువాతి తేదీ మార్చి ఏడు అని చెప్పి పంపాను.

మార్చి ఏడున పొద్దున్నే ఫోను మోగింది. రజిత కాదు, మల్లవ్వ. "తీగేసింది మేడం! నేనే జూసిన!" సాయంత్రం గడ్డకట్టించిన వీర్యం ఉన్న స్ట్రాను గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి సూది వేశాను. తోక పట్టుకున్నది మల్లవ్వే.

మార్చి ఇరవై ఎనిమిది గడి ఖాళీగా పోయింది. ఉగాది వారంలో బేరగాడు వచ్చాడట. మల్లవ్వ అతనికి ఆ ఖాళీ గడి చూపించి, "ఏం లేదు జూడు. లేదంటేనే చూడి. నీకెరుక గాదు, పో" అని పంపేసిందని రజిత చెప్పింది. నాకు మాత్రం ఫికరు పట్టుకుంది. మూగ ఎద బర్రె విషయంలో ఖాళీ గడి రుజువు కాదు. ఆ మాట వాళ్లకు చెప్పాను కూడా. మల్లవ్వ వినిపించుకోలేదు.

తొంభై రోజులు నిండాక, జూన్‌లో పరీక్షించాను. గర్భసంచి ఒక కొమ్ము బరువుగా, నిండుగా చేతికి తగిలింది. "చూడి కట్టింది" అన్నాను. రజిత బర్రె మెడకు నుదురు ఆనించింది. మల్లవ్వ పదినెలలు వేళ్ల మీద లెక్కేసి, ఈత వచ్చే జనవరికని తేల్చి, కోడలి మీద ఒర్రింది. "పన్నెండే కుడితివి. ఇంకోటి కుట్టకపోతివి!" ఆ రోజు గడిలో రజిత ఏ బొమ్మ వేసి ఉంటుందో అడగలేదు.

జనవరి రెండో వారంలో పెయ్యదూడ పుట్టింది.

ఆ కేసులో నా తప్పు ఒకటే. రజిత వేసిన గుర్తును ఆమెను అడగకుండా నా చదువుతో చదివాను. బాగున్న పశువుకు మందు ఎక్కించబోయాను. ఆ తరువాత రిటైరయ్యే దాకా ఒక పద్ధతి పాటించాను. ఇంటివాళ్లు తెచ్చింది కాగితమైనా, సెల్‌ఫోన్ వీడియో అయినా, అందులో ఏముందో ముందు వాళ్లనే చెప్పమనేదాన్ని. పశువును పరీక్షించడం ఆ తరువాత. కలం తీయడం అన్నిటికంటే చివర.