గోడ వెనక మంట

ఈ రోజు మా అన్నను మళ్లీ కంటి దవాఖానకు తీసుకెళ్లాను. అన్న బొగ్గుబాయిలో పనిచేస్తాడు. చూపులో నల్లటి నలుసులు తేలుతుంటే బొగ్గుపొడి అనుకుని, డ్యూటీ దిగగానే కళ్లు కడుక్కునేవాడు. అవి కడిగితే పోయేవి కావని, కంటి వెనక రెటీనా పొర మీద మంట, అంటే లోపలి వాపు ఉందని చెప్పి డాక్టరమ్మ పోయినసారి మందులిచ్చింది. చూపు తేటపడగానే అన్న గోలీలు మానేశాడు. నలుసులు తిరిగొచ్చాయి.

"ఎందుకు ఆపారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"నాకు కంట్ల మంటనే లేకుండె గదమ్మా."

"ఈ మంట మీకు తెలియదు. అణిగినట్టే ఉండి మళ్లీ లేస్తుంది."

అన్న తలూపాడు. "బాయిల మంట లెక్కనన్నట్టు. గోడ కట్టి మూసినా ఎనుక బొగ్గు రాజుకుంటనే ఉంటది."

"ఆ గోడే ఈ గోలీలు. నేను చెప్పేదాకా తీయొద్దు," అందామె.

సాయంత్రం వాకిట్లో కూర్చున్నాం. గోదావరి వైపు ఆకాశం పలచటి ఎరుపులో కరిగిపోతోంది. అన్న అటే చూస్తున్నాడు.

"చెల్లె, గవి పిట్టలేనా?"

తలెత్తి చూశాను. ఆకాశంలో ఒక్క పిట్ట కూడా లేదు.

"గోలీ ఏసుకున్నవా అన్నా?" అన్నాను.

ఇంతకన్నా మంచి జవాబు నాకు తోచలేదు. మీకు తోస్తే చెప్పండి.