మసి పూసిన పర్షియా వెండి

కువైట్‌లోని సల్వాలో నేను పని చేసింది ఒక ముసలి దంపతుల ఇంట్లో. ఆ పెద్దాయన తాతలు ఇరాన్ నుంచి పడవల్లో వచ్చి స్థిరపడ్డవాళ్లు. హాల్లో అద్దాల బీరువా నిండా పాత పర్షియా రాజుల కాలంనాటి వెండి సామాను ఉండేది. గుర్రం మీద వెనక్కి తిరిగి సింహానికి బాణం గురిపెట్టిన రాజున్న పళ్లెం, ద్రాక్షతీగల మధ్య ఆడవాళ్లు నాట్యమాడే కూజా, అడుగున పొట్టేలు తల ఉన్న పానపాత్ర. మెత్తటి గుడ్డతో వాటిని తుడవడం నా పని. ఆయన పక్కనే కూర్చుని, "మెల్లగా బిడ్డా, ఇవి మనందరికంటే పెద్దవి" అనేవాడు.

ఇరాకీ సైనికులు కువైట్‌ను ఆక్రమించి చుట్టుపక్కల ఇళ్లు దోచుకోవడం మొదలుపెట్టాక, వెండికంతా మసి, నూనె కలిపి పూయమంది మామా. ఇంటి యజమానురాలిని అక్కడ అందరం అలాగే పిలిచేవాళ్లం. రాజు ముఖం దగ్గరికి వచ్చేసరికి మసిగుడ్డ పట్టుకుని ఆగిపోయాను.

"ఆలోచన చెయ్యాకక్కా, యల్లా!" అని తొందరపెట్టాడు ఆ ఇంటి కారు డ్రైవరు. అతనిది మా ఊరి పక్కనే ఉన్న రాయచోటి. ఇద్దరం కలిసి వాటిని మాడిన గిన్నెల మధ్య బోర్లించాం.

మర్నాడు పొద్దున సైనికులు రానే వచ్చారు. టీవీ, తివాచీలు మోసుకెళ్లారు. వంటింట్లోకి తొంగిచూసి వెనుదిరిగారు. కానీ గోడ మీద కొడుకు ఫోటో వాళ్ల కంటబడింది. కువైట్ సైన్యం దుస్తుల్లో ఉన్నాడు.

"వీడెక్కడ?"

"తెలియదు" అన్నాడు పెద్దాయన. చెప్పులైనా వేసుకోనివ్వకుండా ఆయన్ని జీపెక్కించారు.

మామా ఏడవలేదు. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, "కడుగు" అంది. సబ్బుతో రుద్ది రుద్ది కడిగాను. అంతా దుప్పట్లో మూటగట్టి, అది ఇచ్చి ఆయన్ని విడిపించుకుందామని సైనికులు మకాం వేసిన బడికి ముగ్గురం కారులో వెళ్లాం. అక్కడి అధికారి మూట తీసుకుని, పళ్లెం తిప్పి చూసి, సింహాన్ని వేలితో తడిమాడు.

"రేపు పంపిస్తాం."

"ఆయన్ని ఒక్కసారి చూపించండి" అంది మామా. అతను చేత్తోనే పొమ్మన్నాడు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మామా రోజూ ఆ బడి ముందు ఎండలో నిలబడేది. చివరికి నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, "నీకు పిల్లలున్నారు, వెళ్లు" అంది. బస్సుల్లో జోర్డాన్ చేరి, అక్కడి నుంచి బొంబాయి విమానం ఎక్కాను.

యుద్ధం ముగిశాక డ్రైవరు మళ్లీ కువైట్ వెళ్లాడు. సెలవుకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు.

"కొడుకు సౌదీ నుంచి బతికొచ్చినాడక్కా. ఆయప్ప మాత్రం రాలా. శవమన్నా దొరకలా."

అతనికి అన్నం వడ్డించాను.